ఔట్రీచీలో మొదటి ప్రశ్న ఎలా అడగాలి?

ఓపెన్ సోర్స్‌లోకి, అంటే కోడ్ అందరికీ తెరిచి పెట్టి నలుగురూ కలిసి చేసే సాఫ్ట్‌వేర్ పనిలోకి, రావాలనుకునే అమ్మాయిలకు నేను ముందు చూపించే దారి ఔట్రీచీ అనే ఇంటర్న్‌షిప్. 2006లో గ్నోమ్ (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో వాడే డెస్క్‌టాప్) ప్రాజెక్టు అమ్మాయిల కోసం పెట్టిన వేసవి కార్యక్రమమే పెరిగి పెరిగి ఇలా అయింది. ఇప్పుడు అమ్మాయిలకే కాదు, టెక్ రంగంలో తక్కువగా కనిపించే మిగతావాళ్లకూ చోటుంది. ఇంట్లో కూర్చుని మూడు నెలల పని, 7,000 డాలర్ల స్టైపెండ్, ఏడాదికి రెండు విడతలు.

కావలసినవి: ల్యాప్‌టాప్, మధ్యలో పోని నెట్, గిట్‌హబ్ (కోడ్ పెట్టి పంచుకునే సైట్) ఖాతా. ఫోన్‌లో చేస్తానంటే నేను ఒప్పుకోను.

1. అప్లికేషన్ నింపండి. మీ గురించి అడిగినవి మీరే రాయండి, ఏఐతో రాయించకండి.

2. ఓకే అయితే ప్రాజెక్టులు కనిపిస్తాయి. ఒక్కటి ఎంచుకోండి. కోడ్ రానివాళ్లకు డాక్యుమెంటేషన్, డిజైన్ పనులూ ఉంటాయి. ముందు ఫలానా కోర్సు పూర్తి చెయ్యాలని చెప్పేవాళ్ల మాట వినకండి. కోర్సు అయ్యేలోపు గడువు అయిపోతుంది.

3. ఆ ప్రాజెక్టు చాట్‌లో చేరండి.

4. అడగండి. పదిమందిలో తొమ్మిది మంది బోల్తా పడేది ఇక్కడే.

"హలో సార్, ఐ యామ్ ఇంట్రెస్టెడ్, ప్లీజ్ గైడ్ మీ." ఇలాంటి మెసేజ్‌లు ఎన్ని చూశానో! ఒకసారి ఆ "సార్" ఒక ఆవిడ. అక్కడ అందరినీ పేరుతోనే పిలుస్తారు, అది అమర్యాద కాదు. పైగా అందులో ప్రశ్నే లేదు, ఏమని జవాబిస్తారు?

మెంటర్‌కు, అంటే ఆ ప్రాజెక్టులో మీకు దారి చూపించేవాళ్లకు, విడిగా మెసేజ్ పెట్టకండి, అందరూ చూసే ఛానెల్‌లోనే అడగండి. మనకు ఉదయం పది అంటే న్యూయార్క్‌లో అర్ధరాత్రి. ఛానెల్‌లో అయితే మెలకువగా ఉన్న ఇంకెవరైనా చెప్తారు. నలుగురిలో అడిగితే నవ్వుతారేమోనన్న భయం నాకు తెలుసు. ఒకప్పుడు నిజంగానే "మాన్యువల్ చదువుకో పో" అని కసిరేవాళ్లు. 1998లో లైనక్స్‌చిక్స్ అని లైనక్స్ వాడే ఆడవాళ్ల గుంపు పుట్టిందీ అందుకే. దాని నియమాలు రెండే: మర్యాదగా ఉండు, సాయం చెయ్యి.

ప్రశ్న ముందు నోట్‌ప్యాడ్‌లో రాసుకోండి. ఇదిగో, ఇలా: "ఉబుంటు 24.04 వాడుతున్నాను. రీడ్‌మీలో మూడో మెట్టు దగ్గర ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొడితే పర్మిషన్ డినైడ్ అంటోంది. ఎర్రర్ కింద పెట్టాను. సుడోతో అవుతుంది గానీ అలా చెయ్యడం మంచిదేనా?" (ఉబుంటు ఒక రకం లైనక్స్. రీడ్‌మీ అంటే ప్రాజెక్టును ఎలా మొదలుపెట్టాలో చెప్పే ఫైలు. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ అంటే ప్రాజెక్టుకు కావలసిన కోడ్ ప్యాకేజీలు దించే కమాండ్. సుడో అంటే అడ్మిన్ హక్కులతో కమాండ్ నడపడం.) ఏం చేశారో, ఏం వచ్చిందో, ఇంకేం ప్రయత్నించారో మూడూ ఇందులో ఉన్నాయి. ఎర్రర్‌ను అక్షరాలుగానే అతికించండి. స్క్రీన్‌షాట్ పెడితే, అందులోనూ స్క్రీన్‌ను ఫోన్‌తో తీసిన ఫొటో పెడితే, నేనైతే చూడను.

గంటకోసారి "ఎనీ అప్‌డేట్?" అనకండి. ఒక రోజు ఆగండి. ఈలోపు ఇంకొకరి ప్రశ్నకు మీకు జవాబు తెలిస్తే చెప్పండి, మెంటర్లు అవన్నీ గమనిస్తారు.

5. జవాబు పనిచేస్తే ఆ మాట అక్కడే రాయండి. రీడ్‌మీలో ఆ ముక్క లేకపోతే మీరే చేర్చి పుల్ రిక్వెస్ట్ (నా మార్పు కలుపుకోండి అని అడగడం) పంపండి. మీ మొదటి కంట్రిబ్యూషన్ అదే. దాన్ని ఔట్రీచీ సైట్‌లో నమోదు చేసి, గడువులోపు ఫైనల్ అప్లికేషన్ కూడా పంపండి. పని బాగా చేసి ఇది మర్చిపోయినవాళ్లు ఏటా ఉంటారు.