కడుతున్నా తరగని అప్పు: లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

అప్పు విషయంలో నొప్పి ఒకచోట, జబ్బు ఇంకోచోట ఉంటుంది. టెన్షన్ డ్యూ డేట్ దగ్గర మొదలవుతుంది కాబట్టి, ఎలాగోలా ఆ రోజు గట్టెక్కితే చాలనుకుంటాం. అసలు లోపం ఎప్పుడో వడ్డీ లెక్కలోనో, గడువులోనో పడి ఉంటుంది.

ముందు ఒక కాగితం తీసి, ప్రతి అప్పుకూ నాలుగు వివరాలు రాయండి: ఎవరికి ఇవ్వాలి, ఇంకా ఎంత ఉంది, వడ్డీ ఎంత, ఏ తారీఖున కట్టాలి. చాలామందికి వడ్డీ దగ్గర పెన్ను ఆగిపోతుంది. అది తెలుసుకున్నాకే కింద మీ సమస్య ఏదో చూసుకోండి.

"ప్రతి నెలా కడుతున్నాను, బాకీ కదలడం లేదు"

కారణం: దాదాపు ఎప్పుడూ మినిమమ్ డ్యూనే, అంటే క్రెడిట్ కార్డు బిల్లులో కనీసం ఇంత కట్టాలని చూపే మొత్తమే. పేరుకు అది మన సౌకర్యం కోసం పెట్టిన అంకె. బాకీ తగ్గినకొద్దీ అదీ తగ్గుతుంది, దాంతో బాకీ తగ్గే వేగం కూడా పడిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. కార్డు మీద లక్ష బాకీ, వడ్డీ నెలకు నూటికి మూడు, మినిమమ్ డ్యూ బాకీలో 5 శాతం అనుకోండి. కొత్తగా ఏమీ కొనకుండా ఏడాదంతా మినిమమ్ కడితే సుమారు 53 వేలు కట్టి ఉంటారు. బాకీ మాత్రం ఇంకా 77 వేలు ఉంటుంది. కట్టినదాంట్లో 30 వేలు వడ్డీకే పోయాయి. ముప్పై నెలలు ఇలాగే కట్టినా 52 వేలు మిగిలే ఉంటుంది.

పరిష్కారం: మొదటి నెల కట్టిన 5 వేలనే ప్రతి నెలా కట్టండి. బిల్లులో మినిమమ్ తగ్గినా మీరు తగ్గించకండి. ఈ ఒక్క మార్పుతో అదే ముప్పై నెలల్లో బాకీ మొత్తం తీరిపోతుంది. నెలకు 10 వేలు కట్టగలిగితే పన్నెండో నెలలోనే పని అయిపోతుంది.

రెండు మూడు అప్పులుంటే అన్నిటికీ కట్టాల్సిన కనీసం కట్టేసి, పైన మిగిలింది ఎక్కువ వడ్డీ ఉన్నదానికే వేయండి. లెక్క ప్రకారం ఇదే సరైన వరస. కాకపోతే ఎవరి దగ్గరో తీసుకున్న చిన్న చేబదులు ఉండి, ఆ మనిషి ఎదురైతే తల తిప్పుకోవాల్సి వస్తుంటే, ముందు అది తీర్చేయండి. వడ్డీ లేకపోయినా సరే. ఆ ఒక్క గీత కొట్టేశాక మిగతావాటి సంగతి చూసే ఓపిక వస్తుంది.

"కొన్నది కొంచెమే, బిల్లు మాత్రం ఎక్కువ వచ్చింది"

పాత బాకీలో కొంత మిగిలినా చాలు, చాలా కార్డుల్లో కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు పోతుంది. కొన్న రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే సాధారణంగా ఆ గడువు ఉండనే ఉండదు, ఫీజు అదనం.

బాకీ సున్నా అయ్యేదాకా ఆ కార్డు వాడకండి. ఆన్‌లైన్ యాప్‌లలో సేవ్ చేసి ఉంటే అక్కడి నుంచీ తీసేయండి. మొత్తం కట్టేశాక కూడా తర్వాతి నెలలో కొంచెం వడ్డీ కనిపించవచ్చు. స్టేట్‌మెంట్ తేదీకీ మీరు కట్టిన తేదీకీ మధ్య రోజుల వడ్డీ అది. "అంతా కట్టేశాం కదా" అని వదిలేస్తే దాని మీద ఆలస్య రుసుము పడవచ్చు.

"తక్కువ వడ్డీ అన్నారు, ఈఎంఐ చూస్తే లెక్క కుదరడం లేదు"

అది ఫ్లాట్ వడ్డీ అయి ఉంటుంది. అసలు నెలనెలా తగ్గుతున్నా, మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేస్తారు. ఏడాది గడువుకు ఫ్లాట్ 10 శాతం అంటే, తగ్గే బాకీ మీద దాదాపు 18 శాతంతో సమానం. సంతకానికి ముందే అడగండి: "తగ్గే బాకీ మీద ఎంత పడుతుంది? ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చేస్తే ఛార్జీ ఎంత?" సూటిగా జవాబు రాకపోతే సంతకం పెట్టకండి. ఇప్పటికే తీసుకుని ఉంటే, ముందే తీర్చేయడం వల్ల ఎంత మిగులుతుందో కాగితం మీద రాయించుకుని చూడండి. ఒక్కోసారి ఏమీ మిగలదు.

"అన్నీ కలిపి ఒకే లోన్ చేశాను, మళ్లీ మొదటికొచ్చింది"

కార్డుల బాకీలన్నీ తీరాయి, వాటి మీద వాడుకోగలిగే లిమిట్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి లోనూ ఉంది, కార్డుల బాకీలూ ఉన్నాయి. పర్సనల్ లోన్ వచ్చిన రోజే కార్డు లిమిట్ తగ్గించమని అడిగితే ఈ గొడవ ఉండదు.

గడువు పెంచడం రెండో ఉచ్చు. 12 శాతం వడ్డీకి లక్ష తీసుకుంటే, మూడేళ్లలో వడ్డీ సుమారు 19,600 అవుతుంది. ఐదేళ్లకు పెడితే ఈఎంఐ మూడోవంతు తగ్గుతుంది కానీ వడ్డీ దాదాపు 33,500 అవుతుంది.

"వేళకే కడుతున్నా స్కోరు తగ్గింది"

ఇది క్రెడిట్ స్కోరు, అంటే అప్పులు ఎలా వాడుతున్నారో, కడుతున్నారో చూసి ఇచ్చే మార్కు. కార్డు లిమిట్‌లో ఎక్కువ భాగం వాడుతున్నారేమో చూడండి. 30 శాతం లోపు ఉంచడం మంచిదని సాధారణంగా చెబుతారు. స్టేట్‌మెంట్ రాకముందే కొంత కట్టేస్తే చాలు. పాత కార్డు మూసేసినా ఇదే జరుగుతుంది: ఒకే లిమిట్ ఉన్న రెండు కార్డుల్లో ఒకటి పోతే, 30 శాతం వాడకం కాస్తా 60 అవుతుంది. ఎవరికైనా షూరిటీ సంతకం పెట్టి ఉంటే, వాళ్లు వేళకు కడుతున్నారో లేదో కూడా కనుక్కోండి.

"ఈ నెల కట్టలేను"

ఫోన్ ఎత్తకుండా దాక్కోవద్దు. తేదీ దాటకముందే మీరే ఫోన్ చేసి గడువు పెంచమని, లేదా కొన్నాళ్లు ఈఎంఐ తగ్గించమని అడగండి. ఉన్న డబ్బు ముందు తిండికి, అద్దెకు, తర్వాత ఇల్లో వాహనమో తాకట్టు పెట్టిన అప్పుకు. ఈ కంతు కోసం ఇంకో యాప్‌లో అప్పు తీయకండి.

"ఇంత కట్టేయండి, సెటిల్ చేస్తాం" అంటే తొందరపడొద్దు. పూర్తిగా తీర్చినట్టు నమోదు కావడం వేరు, తక్కువకు ఒప్పుకుని సెటిల్ చేసినట్టు నమోదు కావడం వేరు; రెండోది స్కోరులో మచ్చగా ఉండిపోవచ్చు. అయినా అదే దారి అనుకుంటే, ఎంత కట్టాలి, ఏ తారీఖులోగా, ఆ తర్వాత బాకీ ఏమీ ఉండదు అన్న మాట రాతపూర్వకంగా చేతికొచ్చాకే డబ్బు పంపండి.