ఉక్కు కవచం మీద పోల్‌యాక్స్: మా మేడ మీది పాఠాలు

కర్రసాము వచ్చు కదా, పోల్‌యాక్స్ (యూరప్ యోధుల పొడుగు కామ గొడ్డలి) ఎంతలే అనుకున్నాను. మలక్‌పేటలో మా మేడ మీద మొదటి రోజే గిర్రున తిప్పితే వాటర్ ట్యాంక్ పైపు విరిగింది. ఓనరుగారి తిట్లు సందు చివరిదాకా వినిపించాయి. పోనీలెండి, ఇది తిప్పే ఆయుధం కాదని ఆ రోజే తెలిసింది.

15వ శతాబ్దపు యూరప్‌లో ఒంటి నిండా తొడిగే ఉక్కు కవచం 20 నుంచి 25 కిలోలు ఉండేది. పలకలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి కత్తి దాని మీద జారిపోతుంది. పోల్‌యాక్స్ పుట్టింది అందుకే. దాదాపు మనిషెత్తు కామ, తలకి ఒక పక్క గొడ్డలో సుత్తో, రెండో పక్క కాకిముక్కులా వంగిన కొక్కెం, పైన మొన, అడుగున పొన్ను. కామ తెగకుండా పక్కల ఇనుప పట్టీలు. (మన వైపు గండ్రగొడ్డళ్లు చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లండి. వాటి పొట్టి కామలు చూస్తే తేడా తెలిసిపోతుంది.)

ప్రాక్టీసుకి ఇనుము వద్దు. కర్రకి మెత్తటి రబ్బరు తల కట్టండి. ఫెన్సింగ్ మాస్కు, క్రికెట్ ప్యాడ్లు లేకుండా ఎవరినీ ఎదురుగా నిలబెట్టొద్దు.

కామని మూడు భాగాలనుకుని, ఆ రెండు గీతల దగ్గర చేతులు పెట్టండి. చివర పట్టుకుని విసిరితే దెబ్బ గట్టిదే, కానీ కర్ర వెనక్కి వచ్చేలోపు అవతలివాడు మీద పడతాడు. నేనైతే పొన్నునే ముందుకు పెడతాను. దాంతో వాడి ఆయుధాన్ని పక్కకి నెట్టి, ఆ వెంటనే పోల్‌యాక్స్ తలని ముందుకు తిప్పి సుత్తితో హెల్మెట్ మీద ఒక్కటి. ఉక్కు చీలకపోయినా లోపల బుర్ర అదురుతుంది.

మొనని రేకు మీద వృథా చేయకండి. చంక, మోచేతి మడత, అరచేయి, గజ్జలు, ముఖం మీది చూపు సందు: కవచం మూయలేనివి ఇవే.

నాకు ఇష్టమైనది మోకాలి పట్టు. మొన ఛాతీకి గురిపెట్టండి. వాడు దాన్ని కొట్టి పక్కకి తోసినప్పుడు ఎదురు బలం పెట్టకండి. పోల్‌యాక్స్ తలని అలాగే కిందికి జారనిచ్చి, వాడి ముందున్న మోకాలి వెనక కొక్కెం తగిలించి మీ వైపు లాగండి. అదే క్షణంలో కామ మధ్యభాగంతో రొమ్ము మీద నెట్టాలి. లాగడం ఒక్కటే చేస్తే వాడు కాలెత్తి తప్పించుకుంటాడు. మా ఫ్రెండు మూడుసార్లు అలాగే తప్పించుకున్నాడు. నాలుగోసారి పాత పరుపు మీద వెల్లకిలా పడ్డాడు, కిందింటి ఓనరుగారు మళ్లీ మెట్లెక్కి పైకొచ్చారు.