ట్రెక్కింగ్‌కి కిరసనాయిలు, పెట్రోలు స్టవ్: ఎలా ఎంచుకోవాలి, ఎలా వెలిగించాలి?

ఇంట్లోకి గ్యాస్ బండ రాకముందు పంపు స్టవ్ మీద వంట చూసినవాళ్లకి ఈ వ్యాసంలో సగం ముందే తెలుసు. బర్నర్ కింద చిన్న గిన్నెలో కాసింత స్పిరిటో కిరసనాయిలో పోసి అంటించడం, ఆ మంట తగ్గేదాకా ఆగడం, తర్వాత గాలి కొట్టడం, బుస్సుమంటూ నీలి మంట లేవడం. మంట సరిగ్గా రాకపోతే పిన్నుతో పొడవడం. ఇప్పుడు వేలు పోసి కొనే ట్రెక్కింగ్ స్టవ్ కూడా అదే స్టవ్. ట్యాంకు స్థానంలో అల్యూమినియం సీసా వచ్చింది, కాళ్లు మడత పడతాయి, బరువు అరకిలోకి అటూ ఇటూ. అంతే తేడా.

1892లో స్వీడన్‌లో ఫ్రాన్స్ విల్‌హెల్మ్ లిండ్‌క్విస్ట్ తయారుచేసిన ప్రైమస్ స్టవ్ వీటన్నిటికీ మూలం. వత్తి అక్కర్లేదు. పంపుతో కొట్టిన గాలి ఇంధనాన్ని నెడుతుంది, అది మంటలో కాగుతున్న సన్నని గొట్టంలోంచి వెళ్తూ ఆవిరవుతుంది, ఆ ఆవిరి చిన్న రంధ్రంలోంచి దూసుకొచ్చి గాలితో కలిసి మండుతుంది. అంటే ఇక్కడ మండాల్సింది ద్రవం కాదు, ఆవిరి. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే కింద చెప్పే జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. గొట్టం వేడెక్కకముందే నాబ్ తిప్పితే పచ్చి ఇంధనం బయటికొచ్చి మోకాలెత్తు పసుపు మంట లేస్తుంది. ఈ స్టవ్‌తో జరిగే ప్రమాదాల్లో చాలావాటికి కారణం ఆ తొందరే.

అసలు మీకు ఇది కావాలా?

అరకు కొండల్లోనో నల్లమల అంచుల్లోనో ఒక రాత్రి గడపడానికైతే వద్దు. చిన్న గ్యాస్ డబ్బా మీద బిగించే బర్నర్ చాలు. తేలిక, శుభ్రం, అగ్గిపుల్ల గీస్తే వెలుగుతుంది. అడవిలో నిప్పు పెట్టుకోవచ్చో లేదో మాత్రం ముందే అటవీశాఖ వాళ్లని అడగండి.

గ్యాస్ డబ్బా చేతులెత్తేసేది గట్టి చలిలో. డబ్బాలో ఉండే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ఐసోబ్యూటేన్ అయితే మైనస్ 12 దాకా లాగుతుంది. లడఖ్‌లోని జాన్‌స్కార్‌లో గడ్డకట్టిన నది మీద నడిచే చాదర్ ట్రెక్‌లో రాత్రిళ్లు మైనస్ 20 కన్నా కిందికి పోతుంది. అలాంటి చోట డబ్బా ఊపితే లోపల గ్యాస్ ద్రవంగా కదులుతూనే ఉంటుంది, బయటికి మాత్రం రాదు. కిరసనాయిలు, పెట్రోలు స్టవ్‌లలో ఒత్తిడి మన చేతి పంపు నుంచి వస్తుంది కాబట్టి చలి వాటిని అలా ఆపలేదు. చలిలో, మంచు కరిగించి నీళ్లు చేసుకోవాల్సిన చోట, నలుగురైదుగురికి వండేటప్పుడు, గ్యాస్ డబ్బాలు దొరకని ఊళ్ల మీదుగా రోజుల తరబడి వెళ్లేటప్పుడు ఇదే సరైన స్టవ్.

ఇంధనాన్ని బట్టి స్టవ్

చాలామంది ముందు స్టవ్ కొని తర్వాత ఇంధనం గురించి ఆలోచిస్తారు. తిరగేసి చేయండి. వెళ్లే చోట ఏం దొరుకుతుందో ముందు కనుక్కోండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి పని సులువు. అక్కడ క్యాంపింగ్ సామాను అమ్మే దుకాణాల్లో వైట్ గ్యాస్ డబ్బాలు దొరుకుతాయి. పేరులో గ్యాస్ ఉన్నా అది ద్రవమే, బాగా శుద్ధి చేసిన పెట్రోలు లాంటిది. మసి తక్కువ, త్వరగా వెలుగుతుంది. మన దేశంలో దాని మీద ఆశ పెట్టుకోకండి. ఇక్కడ మిగిలేవి కిరసనాయిలు, పెట్రోలు.

నా ఓటు కిరసనాయిలుకి. వేడెక్కించడానికి ఎక్కువసేపు పడుతుంది, వాసన చేతుల్ని వదలదు, గిన్నెలకి మసి పడుతుంది. అయినా దానంతట అది భగ్గున అంటుకోదు. ఒలికిన కిరసనాయిలుని తుడిచే వ్యవధి ఉంటుంది. పెట్రోలు ఆవిరి మైనస్ 40 దగ్గర కూడా నిప్పు అందుకుంటుంది, తప్పు చేస్తే దిద్దుకునే సమయం ఇవ్వదు. పైగా ఇప్పుడు మన పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమ పీలుస్తుంది, రబ్బరు వాషర్లని త్వరగా పాడుచేస్తుంది. పెట్రోలే గతి అనుకుంటే కొత్తగా పోయించుకోండి, వాడిన వెంటనే సీసా ఖాళీ చేయండి. డీజిల్ కొన్ని స్టవ్‌లలో మండుతుంది కానీ మసి విపరీతం. మామూలు డీజిల్ గట్టి చలికి మైనంలా చిక్కబడుతుంది కూడా.

స్టవ్ కొనేటప్పుడు అది ఏ ఇంధనాలకి పనికొస్తుందో పెట్టె మీద చదవండి. ఎంఎస్ఆర్ కంపెనీ విస్పర్‌లైట్ వైట్ గ్యాస్‌కి మాత్రమే. దాని తోబుట్టువు విస్పర్‌లైట్ ఇంటర్నేషనల్ కిరసనాయిలు, పెట్రోలు కూడా తీసుకుంటుంది. ప్రైమస్ ఓమ్నిఫ్యూయల్ గ్యాస్ డబ్బాతో కూడా నడుస్తుంది. ఇలాంటి స్టవ్‌లలో ఇంధనం మారితే జెట్ మార్చాలి. జెట్ అంటే ఆవిరి బయటికొచ్చే ఇత్తడి ముక్క. ఓమ్నిఫ్యూయల్‌లో పెట్రోలు జెట్ రంధ్రం 0.37 మిల్లీమీటర్లు, కిరసనాయిలుది 0.28. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి, మీద ఉన్న అంకె చూసే బిగించండి. పెట్రోలు జెట్‌తో కిరసనాయిలు మండిస్తే పసుపు మంట, పొగ తప్పవు.

దుకాణంలో ఇంకొక్కటి చూడండి. పంపుని చేత్తో విప్పి మళ్లీ బిగించగలుగుతున్నారా? లేకపోతే ఆ స్టవ్ వద్దు. కొండ మీద చెడిపోయేది దాదాపుగా పంపే. విడి వాషర్లు, ఓ-రింగులు (అతుకుల్లో లీకు కాకుండా వేసే రబ్బరు చుట్లు) ఉన్న రిపేరు కిట్‌ని స్టవ్‌తోపాటే కొనండి.

దారిలో

రైల్లో పెట్రోలు, కిరసనాయిలు తీసుకెళ్లకూడదు. రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. విమానంలో ఇంధనం ఊసే ఎత్తకండి. వాడిన స్టవ్‌ని, ఖాళీ సీసాని కూడా ఎయిర్‌లైన్ ఒప్పుకుంటేనే, వాసన రాకుండా కడిగి ఆరబెట్టాకే చెక్-ఇన్ బ్యాగులో పెట్టనిస్తారు. టికెట్ కొనేముందే అడిగేయండి, విమానాశ్రయంలో టెన్షన్ ఉండదు. ఇంధనం చివరి ఊళ్లో కొనుక్కోవాలి. బంకుల్లో విడిగా పోయడానికి ఒప్పుకోకపోవచ్చు కాబట్టి, అక్కడి ట్రెక్ నిర్వాహకులతో ముందే మాట్లాడుకోండి.

ఎంత కొనాలి? వంటకి, టీకి అయితే మనిషికి రోజుకి 120 మిల్లీలీటర్లు. నీళ్ల కోసం మంచు కరిగించాలంటే దానికి రెట్టింపు. ముగ్గురు మనుషులు, నాలుగు రోజులు, అందులో రెండు రోజులు మంచు మీద అనుకుంటే 2.2 లీటర్ల దాకా అవుతుంది. ఈ రెట్టింపు లెక్క ఎక్కువనిపిస్తుంది గానీ, సున్నా డిగ్రీల మంచుని సున్నా డిగ్రీల నీళ్లుగా మార్చడానికి పట్టే వేడితో, అవే నీళ్లని 80 డిగ్రీల దాకా కాచవచ్చు.

వెలిగించే పద్ధతి

కొన్న వారంలో పెరట్లోనో డాబా మీదో కనీసం పదిసార్లు వెలిగించి ఆర్పండి. ఒకసారి చీకట్లో, ఒకసారి చేతికి గ్లవ్స్ వేసుకుని.

1. ఇంధనాన్ని పల్చటి నూలుగుడ్డలోంచి వడకట్టి పోయండి. కిరసనాయిల్లో అడుగున నలక ఉండొచ్చు. సీసా మీద గీత దాకానే నింపాలి, పైన గాలికి చోటు కావాలి. స్టవ్ కంపెనీ సీసా తప్ప ఇంకేదీ వాడకండి. నీళ్ల సీసాలో మాత్రం ఎప్పుడూ పోయకండి, చీకట్లో ఎవరైనా తాగేయగలరు.

2. పంపు నాబ్ మూసి ఉందో లేదో చూసి సీసాకి గట్టిగా బిగించండి. నిండు సీసాకి 20 నుంచి 30 పంపులు కొట్టండి. సీసా సగమైతే ఇంకా ఎక్కువ కొట్టాలి, లోపల నింపాల్సిన ఖాళీ పెరుగుతుంది కదా.

3. స్టవ్‌ని చదునైన రాతి మీద పెట్టి గొట్టం తగిలించండి. మంచు మీదైతే కింద చెక్కముక్క వేయండి, లేకపోతే స్టవ్ కరిగించుకుంటూ కిందికి దిగిపోతుంది. సీసాని బర్నర్‌కి వీలైనంత దూరంగా జరపండి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి అతుకులన్నీ వేలితో తడిమి, వాసన చూడండి. తడి తగిలితే వెలిగించకండి.

4. నాబ్ కొద్దిగా తెరిచి, కింది గిన్నెలోకి అర చెంచాడు ఇంధనం రాగానే మూసేయండి. మూసిన తర్వాతే అగ్గిపుల్ల. మొహం స్టవ్ మీదికి వంచకుండా పక్కనుంచి అంటించండి.

5. ఇక ఆగండి. మొదట పసుపు మంట పొడుగ్గా లేస్తుంది, కంగారు అక్కర్లేదు. పెట్రోలుకి ఒకటి రెండు నిమిషాలు, కిరసనాయిలుకి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. గడియారం కన్నా మంటనే నమ్మండి. అది కుంచించుకుపోయి, గిన్నె అంచున చిన్నచిన్న నాలుకల్లా మిగిలి, ఇంకాసేపట్లో ఆరిపోతుందనిపించే క్షణం ఒకటి వస్తుంది. అప్పుడు నాబ్‌ని పావు వంతు తిప్పండి. ముందు రెండు మూడు సార్లు తుపుక్ తుపుక్‌మని, తర్వాత బుస్సున నీలి మంట నిలబడుతుంది. ఆ చప్పుడు ఒకసారి చెవికి అలవాటైతే మర్చిపోలేరు.

6. మళ్లీ పసుపు మంటే వస్తే వేడి చాలలేదని అర్థం. వెంటనే మూసి, పూర్తిగా ఆరి చల్లారాక నాలుగో మెట్టు నుంచి మొదలుపెట్టండి. మండుతున్న స్టవ్‌లోకి ఇంధనం పోయడం, మంట మీద సీసా విప్పడం ప్రాణాలు తీసే పనులు.

7. నీలి మంట స్థిరపడ్డాక చుట్టూ గాలిని అడ్డుకునే రేకు పెట్టండి. సీసా మాత్రం రేకు బయటే ఉండాలి. మధ్యమధ్యలో సీసాని ముట్టుకుని చూడండి, వెచ్చగా తగిలితే రేకు కాస్త తెరవండి.

ఆర్పేటప్పుడు నాబ్ మూసినా గొట్టంలో మిగిలింది మండి అయిపోయేదాకా మంట ఉంటుంది. ఐదు నిమిషాలు చల్లారనిచ్చి, దగ్గర్లో ఏ నిప్పూ లేదని చూసుకుని, సీసాని నిలువుగా పట్టుకుని మెల్లగా గాలి వదలండి.

పంపుకి పూసే నూనె

గాలి కొట్టినా ఒత్తిడి ఎక్కకపోతే పంపు కడ్డీ చివర ఉన్న తోలు వాషర్ ఎండిపోయిందన్నమాట. మన ఇళ్లలో దీనికి రెండు చుక్కలు కొబ్బరినూనె వేసేవాళ్లు. అదే అలవాటుతో నేను బయల్దేరేముందు హైదరాబాద్‌లో కొబ్బరినూనె పూసి, ఆ స్టవ్‌ని లడఖ్‌లో సో మోరిరి సరస్సు దాకా మోసుకెళ్లాను. సుమారు 4,500 మీటర్ల ఎత్తు. సాయంత్రం పంపు కొడితే కడ్డీ గరగరమని ఇరుక్కుపోతోంది, గాలి లోపలికి పోవడం లేదు. కొబ్బరినూనె 24 డిగ్రీల కిందే గడ్డకడుతుందని చలికాలంలో ఇంట్లో సీసా చూసిన ఎవరికైనా తెలుసు, నాకు ఆ పూట తట్టలేదు. పంపుని పావుగంట జాకెట్ లోపల, చంక కింద పెట్టుకుని వెచ్చబెట్టాక, వాషర్‌ని గుడ్డతో తుడిచి వేళ్లతో అంచులు విడదీస్తే పనిచేసింది. ఆ రాత్రి ముగ్గురం ఎనిమిది గంటలకి గానీ టీ తాగలేదు. అప్పట్నుంచి నా రిపేరు కిట్‌లో కుట్టు మిషన్ నూనె చిన్న సీసా ఉంటుంది. మీరు కూడా అదే పెట్టుకోండి.

మంట బలహీనపడి ఎగిరెగిరి పడుతుంటే జెట్‌లో నలక. ఇప్పటి స్టవ్‌లలో చాలావాటికి పిన్ను లోపలే ఉంటుంది. చల్లారాక స్టవ్‌ని పదిసార్లు పైకీ కిందికీ ఊపితే అదే రంధ్రాన్ని పొడుస్తుంది. అది లేని స్టవ్ అయితే జెట్ విప్పి సన్నని తీగతో శుభ్రం చేయాలి.

మైనస్ 20లో పెట్రోలు కూడా మైనస్ 20లోనే ఉంటుంది, గడ్డకట్టదు. చేతి మీద ఒలికితే క్షణాల్లో చర్మం గడ్డకట్టేస్తుంది. ఇంధనం పోసేటప్పుడు గ్లవ్స్ తీయకండి.

ఎత్తుల్లో వంట

4,500 మీటర్ల దగ్గర నీళ్లు 85 డిగ్రీలకే మరుగుతాయి. గంటసేపు మరిగించినా కందిపప్పు పలుకుగానే ఉంటుంది, ఇంధనం మాత్రం అయిపోతుంది. రెండు లీటర్ల చిన్న కుక్కర్ మోస్తే ఆ బరువు ఇంధనంలో తిరిగొస్తుంది. అది వద్దనుకుంటే ఇంట్లోనే వేయించి తెచ్చుకున్న ఉప్మా రవ్వ, అటుకులు మేలు. సన్నని మంట కావాలంటే సీసాలో ఒత్తిడి తగ్గించి, తక్కువ పంపులతో నడపండి.

మంచు కరిగించేటప్పుడు గిన్నెలో ముందు కాసిని నీళ్లు పోసి ఆ తర్వాతే మంచు వేయండి. పొడి మంచు నేరుగా వేస్తే గిన్నె అడుగు మాడి, నీళ్లకి మాడు రుచి వస్తుంది. 1953 మే 29 తెల్లవారుజామున ఎవరెస్ట్ చివరి క్యాంపులో హిల్లరీ, టెన్జింగ్ చేసిన మొదటి పని ఇదే. స్టవ్ వెలిగించి, మంచు కరిగించి, కడుపు నిండా తాగారు. కర్రలా బిగుసుకుపోయిన హిల్లరీ బూట్లని కూడా ఆ మంట మీదే వెచ్చబెట్టుకున్నారు.

వాళ్లకి గుడారంలో వెలిగించక తప్పలేదు. మీరు వెలిగించకండి. వెలిగించే క్షణంలో మంట లేచి గుడారం అంటుకోవడం ఒక ప్రమాదమైతే, కార్బన్ మోనాక్సైడ్ రెండోది. దానికి రంగూ వాసనా ఉండవు, తలనొప్పి వస్తే అది ఎత్తు వల్లనేమో అనుకుంటాం. చలి ఎంత ఉన్నా బయట, రాతి చాటున వండండి.

ఇంటికి వచ్చాక సీసా ఖాళీ చేసి, మూత తీసి, గాలి ఆడే చోట ఆరనివ్వండి. జెట్, గొట్టం తుడిచి, గొట్టంలో తీగ ఉంటే దాన్ని లాగి మసి దులపండి. ఓ-రింగుల మీద వేలుగోరు ఆనించి చూడండి, పగుళ్లు కనిపిస్తే అప్పుడే మార్చేయండి. తర్వాతి ట్రెక్‌కి వారం ముందు డాబా మీద ఒకసారి వెలిగించి, టీ పెట్టుకుని, ఆ తర్వాతే బ్యాగులో సర్దండి.