ముక్కు దిబ్బడ వదలకపోతే ముందు డ్రాప్స్ సీసాను అనుమానించండి

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, ఒంగోలు చుట్టుపక్కల పాలిషింగ్ యూనిట్లలో, కందుకూరు వైపు పొగాకు గ్రేడింగ్‌లో పనిచేసేవాళ్లకు ముక్కు పట్టేయడం మామూలైపోయింది. మెడికల్ షాపులో ఏదో ఒకటి అడిగి తెచ్చుకుంటారు. కానీ దిబ్బడ అందరికీ ఒకే కారణంతో రాదు.

సమస్య: డ్రాప్స్ వేస్తే హాయిగా ఊపిరాడుతుంది, కొన్ని గంటలకే మళ్లీ మూసుకుపోతుంది

కారణం: ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ డ్రాప్స్ ముక్కు లోపలి జిగురు పొరలోని రక్తనాళాలను బిగిస్తాయి. వాపు దిగి దారి తెరుచుకుంటుంది. రోజుల తరబడి వాడితే మాత్రం, మందు ప్రభావం దిగగానే ఆ పొర మునుపటికంటే ఎక్కువ ఉబ్బుతుంది. మళ్లీ చుక్క, మళ్లీ ఉబ్బు. జలుబు ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది, మిగిలింది మందు తెచ్చిన దిబ్బడే. ఆ పొర మీద కంటికి కనబడని సన్నటి నూగు ఉంటుంది. సెకనుకు పదిసార్లకు పైగా ఊగుతూ, దుమ్మును, క్రిములను చీమిడితో పాటు గొంతువైపు నెడుతుంది. చీమిడిలోని ఐజీఏ యాంటీబాడీలు క్రిములను పొరకు అంటుకోనివ్వవు. పొర ఎప్పుడూ వాచి ఉంటే ఈ కాపలా మొత్తం దెబ్బతింటుంది.

పరిష్కారం: ఈ డ్రాప్స్ ఐదు రోజులు దాటకూడదు. బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా అసలు వాడొద్దు. అలవాటైపోతే ముందు ఒక ముక్కులో మానేసి, అది తెరుచుకున్నాక రెండోదానిలో మానండి. మొదటి వారం కష్టంగానే ఉంటుంది, నిద్ర కూడా సరిగా పట్టదు, ఓర్చుకోవాలి. ఈలోపు డాక్టరు సలహాతో స్టెరాయిడ్ స్ప్రే వాడొచ్చు. దాని పూర్తి ఫలితం తెలియడానికి వారం, రెండు వారాలు పడుతుంది. చాలామంది రెండు రోజులు చూసి పనిచేయలేదని పక్కన పడేస్తారు. కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో, మొనను చెవివైపు వాల్చి కొట్టండి. మధ్య గోడకు కొడితే రక్తం వస్తుంది.

ఉప్పునీటితో కడగడమూ మంచిదే. గ్లాసు నీటికి అర టీస్పూను అయోడిన్ లేని ఉప్పు, చిటికెడు వంటసోడా. నీళ్లు మాత్రం మరిగించి చల్లార్చినవే కావాలి. బోరునీళ్లు, కుళాయినీళ్లు నేరుగా ముక్కులోకి పోస్తే మెదడుకు పాకే అమీబా లోపలికి చేరే ప్రమాదం ఉంది. అది అరుదే, కానీ సోకితే బతకడం కష్టం.

సమస్య: చీమిడి పచ్చగా వస్తోంది

పచ్చరంగు చూసి యాంటీబయాటిక్ కొనకండి. క్రిములతో పోరాడే తెల్లరక్తకణాల్లోని ఎంజైమ్ వల్ల ఆ రంగు వస్తుంది, వైరస్ జలుబులోనూ వస్తుంది. పది రోజులు దాటాక కూడా తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరం, ముఖం నొప్పి ముదిరినా డాక్టరు దగ్గరకు వెళ్లండి.

సమస్య: పొద్దున్నే వరుస తుమ్ములు, కళ్ల దురద

ఇది అలర్జీ. పరుపు, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి. పొగాకు దుమ్ముతో తుమ్ములొస్తే మాస్కు పెట్టుకోండి.

సమస్య: క్వారీలో, కటింగ్ దగ్గర ముక్కు మంట, పొడి దగ్గు

ముక్కు పెద్ద రేణువులనే ఆపగలదు. రాతి దుమ్ములోని సన్నటి సిలికా నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోయి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది, దాన్ని నయం చేసే మందు లేదు. తువ్వాలు చుట్టుకుంటే ఆగదు. రాయి మీద నీళ్లు పారిస్తూ కోయాలి, ముఖానికి బిగుతుగా అతుక్కునే ఎన్-95 మాస్కు ఉండాలి. మాస్కుల ఖర్చు యజమాని పెట్టుకోవాల్సిందే, అడగడానికి మొహమాటపడొద్దు.

ఒకవైపే దిబ్బడ వదలకుండా ఉంటే, చీమిడిలో రక్తం కనబడితే, ఇంట్లో వైద్యం ఆపి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. మీరు ఏం పని చేస్తారో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో ఆయన అడక్కముందే చెప్పండి.