స్కాలర్‌షిప్ దరఖాస్తు: పోర్టల్ తెరవకముందే చక్కబెట్టుకోవాల్సినవి

విశాఖలో డిగ్రీలోనో ఇంజినీరింగ్‌లోనో చేరగానే చాలామంది నేరుగా నెట్ సెంటర్‌కు వెళ్లి స్కాలర్‌షిప్ ఫారం నింపించేస్తారు. తర్వాత అది ఎక్కడో ఆగిపోతుంది. చూస్తే పేరులోనో బ్యాంకు ఖాతాలోనో చిక్కు ఉంటుంది. అందుకే ముందు ఆ రెండూ చూసుకోండి.

పదో తరగతి మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టండి. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉన్నా, పుట్టిన తేదీ కలవకపోయినా ఆధార్‌నే మెమో ప్రకారం మార్పించండి. మెమో దిద్దించాలంటే బోర్డు చుట్టూ తిరగాలి. ఓటీపీలు వచ్చేది ఆధార్‌కు లింకైన నంబరుకే కాబట్టి అది మీ చేతిలో ఉన్న సిమ్మేనా అన్నదీ చూడండి.

బ్యాంకులో ఆధార్ జిరాక్సు ఇచ్చామంటే సరిపోదు. డబ్బు పడేది ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మ్యాపింగ్‌లో, అంటే మీ ఆధార్‌కు ఫలానా బ్యాంకని నమోదైన ఖాతాలోనే. అది ఒక్కటే ఉంటుంది. కొత్తగా ఇంకో బ్యాంకులో సీడింగ్ (ఆ నమోదు) చేయిస్తే పాతది పోతుంది. మైఆధార్ సైట్‌లో లాగినై బ్యాంక్ సీడింగ్ స్టేటస్ నొక్కితే ఏ బ్యాంకో తెలిసిపోతుంది. ఏళ్లుగా వాడని ఖాతా అయితే ముందు కేవైసీ చేయించండి.

ఆదాయ ధ్రువపత్రానికి వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టాలి. పాడేరు, అనకాపల్లి వైపు నుంచి వచ్చి నగరంలో చదివేవాళ్లు ఒకటి గమనించాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. సొంత జిల్లా అడిగినచోట ఇప్పటి జిల్లానే రాయాలి. కాలేజీని మాత్రం అది ఉన్న జిల్లా కిందే వెతకాలి.

ఇక ఏ పథకం? రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ జ్ఞానభూమి అనే రాష్ట్ర ప్రభుత్వ పోర్టల్ ద్వారా నడుస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.2.5 లక్షలు దాటకూడదు, హాజరు 75 శాతం ఉండాలి. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు రాదు. కేంద్ర ప్రభుత్వ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్‌కు ఆదాయ పరిమితి రూ.4.5 లక్షలు. ఇంటర్‌లో మీ గ్రూపులో 80వ పర్సంటైల్ పైన (అంటే నూటికి 80 మంది కంటే ముందు) ఉన్నవాళ్లకు డిగ్రీలో ఏడాదికి రూ.12,000 ఇస్తారు. అయితే ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లు దీనికి అనర్హులు. ఫీజు అంతకంటే ఎక్కువైతే రీయింబర్స్‌మెంటే మేలు, లెక్క చూసుకోండి. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి) గుర్తింపున్న కాలేజీలో డిప్లొమా, ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో చేరిన అమ్మాయిలకు ప్రగతి పథకం ఉంది: ఏడాదికి రూ.50,000, ఆదాయం రూ.8 లక్షల లోపు, ఇంటికి ఇద్దరికి మించి ఇవ్వరు.

కేంద్ర పథకాలకు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ముందు ఓటీఆర్ (వన్ టైమ్ రిజిస్ట్రేషన్) నంబరు తీసుకోవాలి. ఫోన్‌లో ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ పెట్టుకుని, మంచి వెలుతురులో ముఖం చూపించాలి. ఈ నంబరు చదువు పూర్తయ్యేవరకూ అదే, రాసి దాచుకోండి. నెట్ సెంటర్‌లో చేయిస్తే ఫోన్ నంబరు, ఈమెయిల్ వాళ్లవి కాకుండా మీవే ఇవ్వండి. లేకపోతే తర్వాత పాస్‌వర్డ్ కోసం వాళ్ల దగ్గరికే వెళ్లాలి.

ఫారం సేవ్ చేసి వదిలేస్తే అది డ్రాఫ్ట్‌గానే మిగిలిపోతుంది, ఫైనల్ సబ్మిట్ నొక్కాలి. ఆ తర్వాత కాలేజీ నోడల్ ఆఫీసర్ (కాలేజీలో స్కాలర్‌షిప్‌ల పని చూసేవారు) పరిశీలించి పైకి పంపాలి. దీనికి విడిగా ఆఖరు తేదీ ఉంటుంది కాబట్టి ప్రింటవుట్, పత్రాల నకళ్లు వెంటనే ఆఫీసులో ఇవ్వండి. స్టేటస్‌లో డిఫెక్టివ్ అని వస్తే కంగారు వద్దు. తిరస్కరించినట్టు కాదు, తప్పు దిద్ది మళ్లీ పంపమని. అదీ గడువు లోపే జరగాలి, కనుక వారానికోసారి లాగినై చూడండి.

రెండో ఏడాది నుంచి కొత్త దరఖాస్తు పెట్టకుండా రెన్యువల్ ఎంచుకోవాలి. సెంట్రల్ సెక్టార్‌కైతే 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉంటేనే రెన్యువల్ అవుతుంది.