ఆల్కహాల్ ఇంక్ టైల్స్ మొదలుపెడుతున్నారా? ముందు లైటర్ గదిలోంచి తీసేయండి

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్‌లో ఇంటర్ చదివే అమ్మాయికి చెయ్యి కాలింది. దీపావళికి చుట్టాలకు ఇద్దామని టైల్స్ మీద ఆల్కహాల్ ఇంక్, అంటే ఆల్కహాల్‌లో కలిపిన రంగులు, వేస్తోంది. వీడియోలో చూసినట్టే, డిజైన్ రావడానికని టైలు మీద ఆల్కహాల్ పోసి లైటర్‌తో అంటించింది. మంట ఆరిందనుకుని, మళ్లీ పోద్దామని సీసా వంచింది. మంట ఆరలేదు.

కింద పేపర్ పరుచుకోండి, గ్లవ్స్ వేసుకోండి అని ఎవరైనా చెబుతారు. నాలుగేళ్లుగా ఈ పని నేర్పుతున్నదాన్ని, నేను చెప్పేది ఒక్కటే: టైలుకి నిప్పు పెట్టకండి.

రంగు పాకడానికి మనం వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దాదాపు 12 డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరి వదులుతుంది. మన ఇళ్లలో ఎప్పుడూ అంతకంటే వేడిగానే ఉంటుంది. ఆ ఆవిరి గాలి కంటే రెండింతలు బరువు, అందుకే బల్ల మీంచి జారి నేల వెంబడి పాకుతుంది. దాని మంట పగటి వెలుగులో సరిగ్గా కనపడకపోవచ్చు. ఇక సగం ఖాళీ అయిన సీసా నిండు సీసా కంటే ప్రమాదం. లోపల ఖాళీ ఉన్నచోటంతా ఆవిరే. మంట సీసా మూతిని తాకిందంటే లోపలిది అంటుకుని ఎదురుగా ఉన్నవాళ్ల మీదికి చిమ్ముతుంది. ఆ అమ్మాయి విషయంలో జరిగింది ఇదే. పక్కనే కూర్చున్న తమ్ముడు అప్పుడే నీళ్ల కోసం లేచి వెళ్లాడు కాబట్టి సరిపోయింది.

నిప్పుతో వచ్చే డిజైన్ కోసం మనసు లాగుతుంది, నాకు తెలుసు. కెమెరా లెన్స్ దుమ్ము దులిపే రబ్బరు బ్లోయర్ కొనుక్కోండి. ఇంక్ తడిగా ఉండగా దాంతో గాలి కొడితే పూరేకుల్లాంటి అంచులు వస్తాయి. ఆరిన రంగు మీద ఒక్క చుక్క ఆల్కహాల్ వేస్తే వలయం విచ్చుకుంటుంది. నిప్పు అక్కర్లేదు.

గది సంగతి. రెండు కిటికీలు తెరిచిన గది గానీ బాల్కనీ గానీ చూసుకోండి. తలుపులు మూసి ఏసీ వేసుకుంటే తలనొప్పి, కళ్లు తిరగడం రావచ్చు. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు. పూజగదిలో దీపం కొండెక్కాకే సీసా మూత తీయండి. అగరుబత్తి, దోమల కాయిల్ కూడా నిప్పే. దోమల బ్యాట్‌లో నిప్పురవ్వ వస్తుంది. వంటింటి గట్టు మీద అసలు వద్దు.

సీసా సంగతి. పెద్ద సీసా వేరే గదిలో ఉంచి, చిన్న డ్రాపర్ సీసాలో పోసుకుని వాడండి. మంచినీళ్ల సీసాలో పోయకండి. లేబుల్ లేని స్పిరిట్ కొనకండి, అందులో కళ్లు తీసే మిథనాల్ ఉండొచ్చు.

స్ట్రాతో ఊదకండి, పిల్లలచేత అసలు ఊదించకండి. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి గాలి కొట్టకండి. వేలాడే చున్నీ, నైలాన్ నైటీ వద్దు, నూలు బట్టలు కట్టుకోండి. చేతి మరకలు ఆల్కహాల్‌తో రుద్దకండి. స్ప్రే వార్నిష్ కూడా మండేదే, బయటే కొట్టండి. ఆ టైలు మీద తిండి పెట్టకండి, ప్రమిదా పెట్టకండి. టైలుకి నిప్పు పెట్టకండి. ఒకవేళ అంటుకుంటే టైలు ఎత్తుకుని పరిగెత్తకండి, ఊదకండి, స్టీలు మూత బోర్లించి వదిలేయండి. బట్టలు అంటుకుంటే నేల మీద పడి దొర్లండి. చెయ్యి కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి. టూత్‌పేస్ట్ వద్దు, ఐసు వద్దు. ముఖం కాలినా, బొబ్బలు లేచినా 108కి ఫోన్ చేయండి. మంట ఆరిందనిపించినా సీసా మళ్లీ వంచకండి. తుడిచిన టిష్యూలు బయట పూర్తిగా ఆరాకే చెత్తబుట్టలో వేయండి.