కోల్డ్ బ్లూయింగ్ తర్వాత తుప్పు: ముందు కడిగిన నీళ్లను చూడండి

ఎయిర్ పిస్టల్ స్క్రూలు, పిన్నులు, రియర్ సైట్ (గురిచూడడానికి వెనక ఉండే భాగం) లాంటి చిన్న ఉక్కు పార్టులకు వేడి చేయకుండా మందుతో నల్లరంగు ఎక్కించడం (కోల్డ్ బ్లూయింగ్) చాలామందికి బాగానే వస్తుంది. తుప్పు కనబడేది ఆ తర్వాతే. వెంటనే బ్లూయింగ్ మందును తిట్టి, ఖరీదైన ఇంకో సీసా కొంటారు. పార్టును ఏ నీళ్లతో కడిగారో మాత్రం చూసుకోరు. (ఇదంతా ఎయిర్ పిస్టళ్ల సంగతి. లైసెన్సు ఆయుధమైతే లైసెన్సున్న గన్‌స్మిత్‌కే ఇవ్వండి.)

మర్నాటికే పార్టంతా గోధుమరంగు పొడి

మందులోని ఆమ్లం ఇంకా పార్టు మీదే ఉందన్నమాట. వంటసోడా నీళ్లలో ముంచి కడిగితే సరిపోతుంది. కోల్డ్ బ్లూయింగ్ పొర పలుచన, అది ఒక్కటే తుప్పును ఆపదు, నూనె తప్పనిసరి.

వేలిముద్ర ఆకారంలో తుప్పు

చెమట. గ్లవ్స్ వేసుకోండి. ఇలాంటి చాలా మందుల్లో విషపూరితమైన సెలీనియం ఉంటుంది కాబట్టి గ్లవ్స్ ఎలాగూ కావాలి.

నెలలు బాగుండి, వానలు మొదలవగానే స్క్రూ గాడిలో, మరల్లో ఎర్రటి చుక్కలు

అనంతపురం, కడప, కర్నూలు వాళ్లను దెబ్బతీసేది ఇదే. మనది పొడి ప్రాంతం, ఇక్కడ తుప్పేంటి అనుకుంటారు. సోడాతో కడిగాం, నూనె రాశాం, ఇంకేం చేయాలి అంటారు. చివరిసారి కడిగింది బోరు నీళ్లతో అయితే లోపం అక్కడే ఉంది.

మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. గిన్నె అడుగున కట్టే తెల్లటి పొర కాల్షియందే, దానితో ఉక్కుకు పెద్ద ప్రమాదం లేదు. కంటికి కనబడని క్లోరైడులే (మామూలు ఉప్పు లాంటి లవణాలు) అసలు శత్రువులు. పార్టు పైభాగాన్ని గుడ్డతో తుడుస్తాం కానీ మరల్లోకి గుడ్డ పోదు. అక్కడి నీటిబొట్టు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. దాని మీద నూనె రాస్తే ఉప్పు నూనె కింద అలాగే ఉండిపోతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్టు ఇదీ గాలిలోని తేమను లాక్కుంటుంది. మామూలు ఉప్పు నీరుకారాలంటే గాలిలో తేమ దాదాపు 75 శాతం ఉండాలి. ఇలాంటి బోరు నీళ్లలో ఉండే మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం చాలు. అందుకే ఏప్రిల్‌లో చేసిన పార్టు ఎండలున్నంతకాలం మెరుస్తూ ఉండి, వానల్లో బయటపడుతుంది.

పరీక్ష చాలా తేలిక. మీ కుళాయి నీటిచుక్క ఒకటి, బ్యాటరీ వాటర్ (బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్) చుక్క ఒకటి శుభ్రమైన అద్దం మీద ఎండబెట్టండి. కుళాయి చుక్క తెల్లటి మచ్చ వదిలితే, ఆ తెలుపు ఎక్కువగా కాల్షియమే అయినా, నీళ్లలో లవణాలున్నట్టే; అవే మీ మరల్లోనూ మిగులుతున్నాయి.

బాగుచేయడానికి ముందు నూనెతో, సన్నని స్టీల్ ఉన్నితో తుప్పు తీసి, నూనె జిడ్డు పూర్తిగా పోగొట్టండి. రంగు పోయిన చోట మళ్లీ మందు పట్టించండి. ఆ తర్వాత సోడా కలపడం మొదలు చివరి కడుగు దాకా బ్యాటరీ వాటరే వాడండి. డిస్టిల్డ్ వాటర్ అని అడిగి తీసుకోండి. అదే షాపులో బ్యాటరీ యాసిడ్ కూడా ఉంటుంది, లేబుల్ చదవకుండా తేవద్దు. చివర్లో తాజా బ్యాటరీ వాటర్‌లో పార్టును పది నిమిషాలు మరిగించండి. మరల్లోని లవణం కరిగి బయటికొస్తుంది. వంటకు వాడని స్టీలు గిన్నె తీసుకోండి, అల్యూమినియం వద్దు. పట్టకారుతో తీస్తే తన వేడికే నిమిషంలో ఆరిపోతుంది. గోరువెచ్చగా ఉండగానే నూనెలో వేసి రాత్రంతా వదిలేయండి.

బ్యాటరీ వాటర్ దొరక్కపోతే ఆర్వో నీళ్లు కొంత నయం. లవణాలు తగ్గుతాయి కానీ పూర్తిగా పోవు.

మిగతావి అరుదు. అయస్కాంతం అంటని పార్టు జింక్ మిశ్రమమో మరొకటో అయివుంటుంది, దానికి ఈ మందు పెట్టకండి. స్ప్రింగులను యాసిడ్‌లో వేయకండి, పెళుసై విరుగుతాయి. తోలు సంచిలో నెలల తరబడి దాచకండి. పిస్టల్ ఉన్న గదిలో బాత్రూమ్ యాసిడ్ సీసా ఉంటే ఇవాళే బయట పెట్టండి, మూత బిగించినా దాని ఆవిరి ఉక్కును తినేస్తుంది.